ఈశాన్యం మూల తూము

మీ ఊళ్ళో ప్రభుత్వ ఆఫీసుకు గేటు ఎటువైపు ఉంది? తడుముకోకుండా చెప్పారనుకోండి, అయితే ఇంకో ప్రశ్న: పోయిన ప్రభుత్వంలో ఎటువైపు ఉండేది? రోజూ ఆ గోడ పక్కనుంచే కూరగాయలకు వెళ్తారు. ఆధార్ కార్డులో పేరు దిద్దించుకోవడానికి ఆ గేటులోంచే చెప్పులరిగేలా తిరుగుతారు. ఆ గేటు ఒకరోజు లేచి వేరే మూలకు వెళ్ళి నిలబడితే మాత్రం, ఎందుకు వెళ్ళిందని ఒక్కరూ అడగరు. గోడ చుట్టూ తిరిగి, కొత్త గేటు వెతుక్కుని, చెమట తుడుచుకుంటూ లోపలికి పోతారు. మీ సహనానికి నేను జోహారు చెప్పను. ఆ సహనం వల్ల ఒక వీధి వీధంతా నీళ్ళలో మునిగింది. అదెలా జరిగిందో చెప్తాను.

ప్రభుత్వం మారిన ఏడాది జూన్ మొదటి వారంలో నన్ను బందరు నుంచి పెడన వైపు సెక్షనుకు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. తేదీ చెప్పకుండా ప్రభుత్వం మారిన ఏడాది అంటున్నానని విసుక్కోకండి. ప్రభుత్వ భవనాల మరమ్మతులు చూసే మా శాఖలో కాలాన్ని అలాగే కొలుస్తాం. ప్రభుత్వం మారగానే బల్లలు తిరుగుతాయి, గుమ్మాలు మూసుకుంటాయి, కిటికీలు గుమ్మాలవుతాయి. సిమెంటు కంపెనీలవాళ్ళు ఎన్నికల ఫలితాల కోసం అభ్యర్థుల కన్నా ఆత్రంగా ఎదురుచూస్తారని నా అనుమానం.

మా శాఖలో హోదాల సంగతి కూడా కాస్త చెప్పాలి. అట్టడుగున అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ. పైన డీఈ, ఆ పైన ఈఈ. హోదా పెరిగేకొద్దీ మనిషి సిమెంటుకు దూరమవుతాడు. ఏఈ చెప్పులకు సిమెంటు అంటుతుంది, డీఈకి కారు కిటికీలోంచి కనిపిస్తుంది, ఈఈకి కాగితం మీద కనిపిస్తుంది. ఏ పనికైనా ముందు ఎస్టిమేటు వెయ్యాలి, అంటే ఏం కడతాం, ఎంతవుతుంది అన్న అంచనా. దాన్ని పైవాళ్ళు మంజూరు చెయ్యాలి. పని అయ్యాక కొలిచి ఎం-బుక్కు అనే కొలతల పుస్తకంలో ఎక్కించాలి. ఎం-బుక్కులో ఎక్కని గోడ మా దృష్టిలో గోడ కాదు. దానికి తల గుద్దుకుని బొప్పి కట్టినా సరే.

నా కింద ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు ఉండేవాడు, నాంచారయ్య. దివిసీమ మనిషి. పనివాళ్ళను పురమాయించడం, ఇసుకలో మట్టి ఎంతుందో చూడటం అతని పని. నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడటం అతని అలవాటు.

మా సెక్షను కిందికి వచ్చే ఆఫీసుల్లో ఒకటి ఈ కథకు కేంద్రం. ఊరి పేరు, ఆఫీసు పేరు రాయను. అక్కడివాళ్ళు గుర్తుపడతారు, మిగతావాళ్ళు తమ ఊరే అనుకున్నా పెద్ద తప్పు లేదు. ఆఫీసుకు దక్షిణాన రోడ్డు. పడమర పక్కన మగ్గాల వీధి. తూర్పున పెద్ద డ్రెయిను. వీధిలో పడిన వాన నీరంతా ఆఫీసు ఆవరణలోకి వచ్చి, ఉత్తరపు గోడ వెంట చిన్న కాలువగా పారి, ఈశాన్యం మూల గోడ కింద ఉన్న తూములోంచి డ్రెయినులో పడుతుంది. ఇది ఎవరో దయ తలచి చేసిన ఏర్పాటు కాదు. నేల అటు వాలి ఉంది, అంతే. ఆఫీసు కట్టకముందు నుంచీ నీళ్ళది అదే దారి. కట్టినవాళ్ళు బుద్ధిమంతులు కాబట్టి గోడ కింద తూము వదిలారు.

ఆ గోడను మొదటిసారి చూసినప్పుడు నాకు ఘంటసాల ఊళ్ళో బౌద్ధస్తూపం తవ్వకాలు గుర్తొచ్చాయి. అక్కడ నేలలో పొరపొరగా చరిత్ర ఉన్నట్టు ఇక్కడ గోడలో ఉంది. మొట్టమొదటి గేటు రోడ్డు ఉన్న దక్షిణం వైపే ఉండేది, జనం అటునుంచి వస్తారు కాబట్టి. అది యముడి దిక్కని ఒకాయన మూయించి పడమర పెట్టించాడు. ఆయన మీద విచారణ పడింది. తప్పు గేటుదని తేలింది. తరవాతి ఆయన పడమర మూయించి ఉత్తరం తెరిపించాడు. ఉత్తరాన దారి లేదు, ఒక రైతు గడ్డివాము ఉంది. కొన్నాళ్ళపాటు ప్రజలు గడ్డివాము పక్కనుంచి ప్రభుత్వాన్ని చేరుకున్నారు. ఆ రైతు అభ్యంతరం పెడితే మళ్ళీ దక్షిణమే తెరిచారు, కాకపోతే పదడుగులు జరిపి. పాత ఇటుక, కొత్త ఇటుక, గళ్ళ ఇటుక, మధ్యలో తలా ఒక రంగు సున్నం. ఏ అతుకు ఏ ముఖ్యమంత్రి నాటిదో నాంచారయ్య చెయ్యి పెట్టి చెప్పేవాడు.

మా బందరుకు ఒకప్పుడు డచ్చివాళ్ళు వచ్చారు, ఫ్రెంచివాళ్ళు వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. ఓడ ఎక్కడ ఆగుతుందో, నీళ్ళు ఎక్కడికి రావో చూసి గోదాములు కట్టుకున్నారు. ఒక్కడైనా ఈశాన్యం ఎటని అడిగినట్టు నేను ఎక్కడా చదవలేదు. అయినా వాళ్ళు మనల్ని ఏలారు, మనం దిక్కులు చూసుకుంటూ ఏలించుకున్నాం. ఈ మాట నేను ఒక రిటైర్మెంటు సభలో అంటే, వాళ్ళు చివరికి వెళ్ళిపోయారు కదా, వాస్తు సరిగా లేకే అని ఒకాయన జవాబిచ్చాడు. చప్పట్లు ఆయనకే పడ్డాయి.

నేను చేరేనాటికి ఆ ఆఫీసు అధికారి సుధాకరరావు గారు. చెడ్డమనిషి కాదు. ప్రమోషను కోసం ఎదురుచూస్తున్న మనిషి. ఆ రెండింటికీ తేడా బయటికి పెద్దగా కనిపించదు. తూర్పు ముఖంగా కూర్చోవాలని ఎవరో చెప్తే, బల్ల తిప్పించుకుని గోడకేసి కూర్చున్నాడు. గుమ్మం పడమర ఉంది. అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్ళు ఆయన వీపుకు దండం పెట్టి, వీపుకు కష్టం చెప్పుకుని, భుజం మీదుగా కాగితం అందించేవాళ్ళు. ఆయన గోడతో "చూద్దాం" అనేవాడు.

బల్ల తిప్పినా ప్రమోషను రాలేదు. గుడివాడ నుంచి ఒక సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయన ఆవరణంతా తిరిగి, ఈశాన్యం మూల ఉత్తరపు గోడలో గేటు పెడితే ఉత్తర్వులు వాటంతటవే నడిచి వస్తాయన్నాడు. ఆ మూలకు వెళ్ళి చూస్తే తూము కనిపించింది. చెవులు మూసుకున్నాడు. మామూలుగా ముక్కు మూసుకోవాలి.

"ఈశాన్యంలో మురుగా? ఈశ్వరుడి నెత్తిన పోస్తున్నట్టేనండీ! ముందు అది పూడ్పించండి. దాని మీదే గేటు రావాలి."

నన్ను పిలిచారు. తూము పూడిస్తే వీధి నీళ్ళు ఎటు పోతాయని అడిగాను.

"ఇంకుతాయి," అన్నారు సుధాకరరావు గారు, గోడను చూస్తూ.

"ఇది నల్లరేగడి సార్. ఇంకవు."

"అయితే ఎండుతాయి."

"వానాకాలం సార్."

"ఎప్పటికైనా ఎండుతాయి కదయ్యా!"

మాది బందరులో బడిపంతుళ్ళ కుటుంబం. మా నాన్న ఊళ్ళో ఏ సభ జరిగినా వెళ్ళి మూఢనమ్మకాల మీద వాదించి వచ్చేవాడు. మా ఇంట్లో భోజనాల దగ్గర ఉప్పు కావాలన్నా కారణం చెప్పాల్సి వచ్చేది. అలా పెరిగినవాడికి "ఎప్పటికైనా ఎండుతాయి" అన్న మాట ఒంటికి పడదు. ఎస్టిమేటు వెయ్యనని చెప్పాను. తూము పూడిస్తే మగ్గాల వీధి మునుగుతుందని, లెవెళ్ళతో, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలతో సహా డీఈ గారికి రాసి పంపాను. మనం భవనాలు చూసేవాళ్ళం, నీళ్ళు మన పని కాదు అని జవాబు వచ్చింది. ఎస్టిమేటు లేకుండానే, ఆఫీసరు గారి దయ అవసరమున్న ఒక కాంట్రాక్టరు గేటు పెట్టి వెళ్ళాడు. భారీ ఇనుప గేటు. మా శాఖ లెక్కల ప్రకారం ఆ గేటు ఇంకా పుట్టలేదు. పుట్టని గేటుకు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి తెరిచారు. పాత దక్షిణపు గేటుకు తాళం పడింది. ఆ రోజు నుంచి పింఛను కోసం వచ్చే ముసలివాళ్ళు రోడ్డు దిగి, డ్రెయిను గట్టు మీదుగా ఆఫీసు వెనక్కు నడిచేవాళ్ళు.

జూలైలో వానలు పట్టాయి.

మగ్గాల వీధిలో అన్నీ గుంట మగ్గాలు. నేలలో మోకాలి లోతు గుంట తవ్వి, నేత మనిషి నేలమట్టాన కూర్చుని కాళ్ళు గుంటలోకి వదులుతాడు. కాళ్ళతో తొక్కే పలకలు గుంట అడుగున ఉంటాయి. వీధిలో జానెడు నీళ్ళు నిలిస్తే చాలు, గడప దాటకుండానే అడుగు నుంచి ఊట ఎక్కుతుంది. గుంట నిండుతుంది. పైన మగ్గానికి బిగించిన పడుగు, అంటే నిలువు దారాలు, తేమకు సాగి జారతాయి. ఆ పడుగు పాడైతే అది ఒక చీర కాదు, దాని మీద రావలసిన చీరలన్నీ పోయినట్టే. శ్రావణ మాసం ముందు ఆ వీధికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు.

మూడోరోజు వానకు భ్రమరాంబ గారు ఆఫీసుకు వచ్చింది. వీధి మొదట్లో ఇల్లు ఆవిడది. యాభై దాటిన మనిషి, ఇంట్లో రెండు మగ్గాలు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి. నేను అప్పుడు అక్కడే పైకప్పు కారుతోందంటే చూడటానికి వెళ్ళాను. ఆవిడ ఆఫీసరు గారి వీపును కాసేపు చూసింది. తరవాత బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఆయనకూ గోడకూ మధ్య నిలబడింది. ఆ గదిలో అలా ఎవరూ చెయ్యలేదు.

"మా గుంటల్లో నీళ్ళండీ. తూము తియ్యండి."

"వాన దేవుడి పనమ్మా. నేనేం చెయ్యను?"

"వాన దేవుడిదేనండీ. గోడ మీది."

సుధాకరరావు గారు కుర్చీ వెనక్కి జరుపుకుని, "పరిశీలిస్తాం" అన్నారు. పరిశీలించడానికి ఆయన కిటికీ దాకా కూడా వెళ్ళలేదు.

బయటికి వచ్చాక నాంచారయ్య నా పక్కన నడుస్తూ గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తే రోడ్డు అవతలికి మాత్రమే వినిపిస్తుంది.

"ఏఈ గారూ, మీరు మూడు కాళ్ళ మిషను పెట్టి లెవెల్ చూపిస్తారు. ఆయన మిషన్ని నమ్మడు. ఆయన దేన్ని నమ్ముతాడో దాంతోనే కొడదామండీ. నాగాయలంకలో మా బావ ఉన్నాడు. రొయ్యల మేత కొట్టు. తీరిక దొరికితే వాస్తు చెప్తాడు."

"రొయ్యలకా?"

"చెరువులకండీ. ఏ మూల నుంచి నీళ్ళు పెట్టాలో, ఏ మూల నుంచి తోడాలో చెప్తాడు."

"ఆయన చెప్పిన చెరువులు బాగున్నాయా?"

"కొన్ని బాగున్నయ్యండీ. బాగాలేనివాళ్ళు మా బావ చెప్పినట్టు చెయ్యలేదు."

ఈ ఒక్క జవాబులో దేశంలోని సిద్ధాంతులందరి శాస్త్రమూ ఉంది. ఫలిస్తే శాస్త్రం గొప్పది, ఫలించకపోతే మనిషి చెడ్డవాడు. ఓడిపోయే వీలులేని ఆట ఆడేవాడు ఎప్పుడూ గెలుస్తూనే ఉంటాడు. నేను నాంచారయ్యకు వద్దని గట్టిగా చెప్పాను. ఇవాళ మీ బావ మాటతో తెరిస్తే, రేపు ఇంకొకరి బావ మాటతో మూస్తారు అన్నాను.

"రేపటి సంగతి రేపు చూద్దామండీ. నీళ్ళు ఇవాళ ఉన్నయ్యి," అన్నాడు.

 ఆ మాటకు జవాబు దొరకడానికి నాకు దసరా దాటాల్సి వచ్చింది.

బావ మర్నాడే దిగాడు. నుదుటిన గంధం, భుజాన మేత కంపెనీ సంచి. ఆవరణలో ఏమీ చూడకుండా నేరుగా ఈశాన్యం మూలకు వెళ్ళి, పూడ్చిన చోట నిలబడి, గట్టిగా నిట్టూర్చాడు. సుధాకరరావు గారి ముఖం పాలిపోయింది. నేను దూరంగా నిలబడి అంతా విన్నాను.

"అయ్యా, నీటి పారుదల ఈశాన్యానికి ఉండాలని ఏ శాస్త్రమైనా చెప్తది. తమరు కట్టేశారు. ఇక్కడ నీళ్ళు కదలకపోతే అక్కడ ఫైలు ఎట్టా కదులుద్దండీ?"

"గుడివాడ సిద్ధాంతి గారు మురుగన్నారే?"

"పంపులోంచి వస్తే మురుగండీ. ఆకాశం నుంచి వస్తే గంగ."

సాయంత్రానికల్లా గేటు కింద కాంక్రీటు పగలగొట్టి గొట్టం వేశారు. నా ఎస్టిమేటు లేదు, నా లెవెలూ లేదు. వీధిలో నీళ్ళు తెల్లారేసరికి తీశాయి. గుంటలు తోడుకున్నారు, పడుగులు ఆరబెట్టుకున్నారు. నాలుగైదు ఇళ్ళలో పోయినవి పోయాయి, మిగతావాళ్ళు గట్టెక్కారు. బావకు ఆ వీధివాళ్ళు ఒక కండువా పెట్టారు. నేను ఆ దారిన వెళ్తుంటే నాంచారయ్య అందరికీ వినిపించేలా అన్నాడు:

"మీ మిషనుకు మూడు కాళ్ళండీ, మా బావకు రెండే. అయినా పని చేసింది చూశారా!"

వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. భ్రమరాంబ గారు మాత్రం నవ్వలేదు. నన్ను ఆపి, "మీరు మొన్న వద్దన్నారంట గదా, ఎందుకూ?" అని అడిగింది. కారణం చెప్పాను. ఆవిడ విని మగ్గం దగ్గరికి వెళ్ళింది.

దసరా వచ్చింది. మా శాఖలో ఆ రోజు పనిముట్లకు పూజ. నేను వెళ్ళేసరికే లెవెల్ మిషనుకు మావాళ్ళు గంధం పూసి, కుంకుమ పెట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. కుంకుమ ఎక్కడ పెట్టాలో తెలియక నేరుగా కంటి అద్దం మీద పెట్టారు. మర్నాడు దానిలోంచి చూస్తే జిల్లా అంతా ఎర్రగా కనిపించింది. విప్లవం వచ్చిందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

అదే వారంలో సుధాకరరావు గారికి ఉత్తర్వు నడిచి వచ్చింది. ప్రమోషను కాదు, బదిలీ. ఫైళ్ళూ ఉండవు, జనమూ రాని ఒక శిక్షణ కేంద్రానికి. గుడివాడ సిద్ధాంతి గారు తూము తెరవడం వల్లే ఇలా అయిందన్నాడట. నాంచారయ్య బావ మాత్రం తూము తెరవబట్టే సస్పెన్షను కావలసింది బదిలీతో పోయిందన్నాడు. ఇద్దరూ ఇంకా వృత్తిలోనే ఉన్నారు.

ఆయన స్థానంలో రాజ్యలక్ష్మి గారు వచ్చింది. చురుకైన అధికారి. వచ్చిన రోజే బల్ల తిప్పించి జనానికి ముఖం చూపించింది. పేరుకున్న ఫైళ్ళు వారంలో తేల్చింది. ఆవిడకు నేను మనసులో నూటికి తొంభై మార్కులు వేసేశాను. అప్పుడు ఆవిడ ఫోను తీసింది.

ఆవిడ సిద్ధాంతి హైదరాబాదులో ఉంటాడు. వీడియో కాల్‌లోనే చూస్తాడు. ఆయన ముఖం తప్ప కాళ్ళు చూసినవాళ్ళు లేరు. ఆవిడ ఆవరణంతా ఫోను తిప్పి చూపించింది. ఈశాన్యం మూల గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన, "ఫోనును ఆ మూలకేసి తిప్పి, కదలకుండా గేటు మీద పెట్టి, దిక్సూచి తెరిచి ఏ దిక్కు చూపిస్తోందో చెప్పండమ్మా" అన్నాడు. ఆవిడ పెట్టి, చూసి చెప్పింది.

"ఇది ఈశాన్యం కాదమ్మా, ఆగ్నేయం! ఎవరో మిమ్మల్ని మోసం చేశారు. అగ్ని స్థానంలో నీళ్ళా? ఆ తూము ఇవాళే మూయించండి."

మూయించమని నాకు కబురు వచ్చింది. అప్పటికి వాయుగుండం పడిందని, రెండు మూడు రోజుల్లో గట్టి వానలుంటాయని అందరి ఫోన్లలోనూ హెచ్చరికలు తిరుగుతున్నాయి. నేను వెళ్ళేసరికి మగ్గాల వీధి ఆడవాళ్ళు పది పన్నెండు మంది గేటు దగ్గర ఉన్నారు, ముందు భ్రమరాంబ గారు. నాంచారయ్య ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. బావకు ఫోను చేశాడట. ఆగ్నేయమైతే నీళ్ళు పనికిరావని బావ కూడా ఒప్పుకున్నాడట. శాస్త్రం ప్రకారం అంతేనట.

"ఏఈ గారూ, మూసేస్తారా?" అంది భ్రమరాంబ గారు. "ఈసారి పడుగు పోతే నేను మగ్గం తీసి అమ్ముకోటమే. మళ్ళీ బిగించే ఓపిక నాకు లేదు."

రాజ్యలక్ష్మి గారు ఇబ్బందిగా నిలబడింది. మంచి మనిషి ఇబ్బంది పడుతూ చేసే తప్పు, చెడ్డమనిషి సరదాగా చేసే తప్పు కన్నా నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. కోపం మింగి, ఒక్క మాట అడిగాను.

"మేడమ్, అదే ఫోను గేటు మీద నుంచి తీసి, అదిగో అక్కడ, గేటుకు దూరంగా, అదే మూలకేసి తిప్పి నేల మీద పెట్టి చూడండి."

ఆవిడ పెట్టింది. దిక్సూచి మెల్లగా తిరిగి ఈశాన్యం చూపించింది. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ గేటు మీద పెట్టింది. దిక్సూచి ఆగ్నేయానికి పరిగెత్తింది. నేల మీద పెట్టింది. ఈశాన్యానికి వచ్చింది. దిక్సూచి అయస్కాంతాన్ని బట్టి పనిచేస్తుంది, అంత ఇనుము పక్కన పెడితే ఇనుము చెప్పినట్టు వింటుంది. ఇది హైస్కూలు పాఠం. ఆవిడ ఫస్టు క్లాసులో పాసైన మనిషే. వాస్తు కోసం పెట్టిన గేటే వాస్తును తప్పించింది.

నాంచారయ్య తల గోక్కున్నాడు.

"అయితే మేడమ్, ఇందాకటి దాకా సూర్యుడు ఎటునుంచి వచ్చినట్టండీ?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఫోనులో సిద్ధాంతి గారు ఇంకా ఉన్నాడు. "అమ్మా, సిగ్నలు సరిగా రావట్లేదు," అని మాయమయ్యాడు. అక్కడ సిగ్నలు బ్రహ్మాండంగా ఉంది.

రాజ్యలక్ష్మి గారు తేరుకుంది. "సరే, ఈశాన్యమేగా! ఈశాన్యానికి నీళ్ళు పోవచ్చు. తూము ఉండనివ్వండి," అంది. నాంచారయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అందరూ కదలబోయారు. భ్రమరాంబ గారు కదల్లేదు.

"ఈశాన్యమని ఉంచొద్దమ్మా," అంది.

"అదేంటి, మీరు అడిగింది అదేగా?"

"తూము ఉంచమన్నాను. ఈశాన్యమని ఉంచితే వచ్చే ఆయన ఇంకోటి అంటాడు. ఆయన ఫోను ఎక్కడ పెడతాడో మాకేం తెలుసు? మా నీళ్ళు అటే పోతయ్యి, అందుకని ఉంచండి. అదే రాయండి."

ఆ మాటకు నాకు కలిగిన సంతోషం నా ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో ఏ ప్రశంసాపత్రమూ ఇవ్వలేదు. వెంటనే మిషను దింపించాను. కుంకుమ ముందే తుడిపించాను. లెవెల్ చెయ్యడం అంటే పెద్ద రహస్యమేమీ కాదు. మూడు కాళ్ళ మీద దూరదర్శినిని సమంగా నిలబెడతాం. అంకెలు గీసిన పొడవాటి కర్రను ఒకచోట, తరవాత ఇంకోచోట నిలబెట్టి దానిలోంచి చదువుతాం. అంకె ఎక్కువ కనిపిస్తే నేల పల్లంగా ఉన్నట్టు. వీధి మొదట్లో ఒకటి, ఆఫీసు మధ్యలో ఒకటి, తూము అడుగున ఒకటి. నేను చదివిన ప్రతి అంకెనూ రాజ్యలక్ష్మి గారిని కూడా కంటితో చూడమన్నాను. ఆడవాళ్ళూ వరసగా వచ్చి చూశారు. ఒకావిడ చూసి, "అన్నీ తలకిందులుగా ఉన్నయ్యేంటండీ?" అంది. మిషను పాతది, బొమ్మ తిరగేసి చూపిస్తుంది. ప్రభుత్వ ఆఫీసు లోపలి సంగతి అది ఒక్కటే ఉన్నదున్నట్టు చూపించిందని చెప్పబోయి ఊరుకున్నాను.

అంకెలు అందరికీ సరిపోవు. వీధిలో ఒక ఇంట్లో నూలుకు రంగు వేసి పారబొయ్యడానికి ఉంచిన ఎర్ర నీళ్ళు ఉన్నాయి. రెండు గాబుల నీళ్ళు వీధి మొదట్లో కుమ్మరించమన్నాను. ఎర్రటి చార ఒకటి గుమ్మాల ముందునుంచి, ఆఫీసు గోడ వెంట, మా కాళ్ళ పక్కనుంచి మెలికలు తిరుగుతూ వచ్చి, ఎవరినీ దిక్కు అడక్కుండా తూములోకి దూరి, అవతల డ్రెయినులో పడింది. అందరూ దాని వెంట నడిచారు. రాజ్యలక్ష్మి గారు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది.

"మేడమ్, ఈశాన్యంలోంచి ఎర్ర నీళ్ళు పోతే శుభమేనంటారా?" అన్నాడు నాంచారయ్య.

"నోరు ముయ్యి నాంచారయ్యా!" అన్నాం ఆవిడా నేనూ ఒకేసారి. మా ఇద్దరి మధ్య మొదటి ఏకాభిప్రాయం అదే.

ఆ మధ్యాహ్నమే ఆవిడ ఉత్తర్వు రాయించింది. అందులో దిక్కుల పేర్లు లేవు. వీధి నేల మట్టం ఇంత, తూము అడుగు మట్టం ఇంత, మగ్గాల వీధి నీళ్ళకు వేరే దారి లేదు కాబట్టి దీన్ని మూయరాదు, మూయాలంటే ముందుగా నీళ్ళకు ఇంకో దారి మట్టాలతో సహా చూపించి పంచాయతీ సభలో ఒప్పించాలి. నకలు పంచాయతీకి, నకలు వీధివాళ్ళకు. తూము పక్కన ఒక రాయి పాతి దాని మీద మట్టం చెక్కించాం. పసుపు పూసి పూజ మొదలుపెడతారేమోనని భయపడి, రాయిని వీలైనంత వికారంగా చెక్కమన్నాను.

ఆ వారంలోనే వాన వచ్చింది. కురిసిందంటే కురిసింది. నందివాడ వైపు వరి చేలు చెరువుల్లా కనిపించాయి. మగ్గాల వీధిలో మాత్రం భ్రమరాంబ గారి మగ్గం చప్పుడు వాన చప్పుడులోంచి వినిపిస్తూనే ఉంది. నేను తూము దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి, నీళ్ళు పోవడం చూశాను. ఇంజనీరుకు అంతకన్నా వినోదం అక్కర్లేదు.

తరవాత నేను రిటైరయ్యేలోపు ఆ ఆఫీసుకు ఇంకో ఇద్దరు అధికారులు వచ్చారు. గేటు రెండుసార్లు కదిలింది. తూము కదల్లేదు. ఇద్దరూ మూయించమనే మొదలుపెట్టారు. ఇద్దరికీ వీధివాళ్ళు ఉత్తర్వు నకలు చూపించి, అయితే వేరే దారి మట్టాలు చూపించండి అన్నారు. సిద్ధాంతులు మట్టాలు చూపించలేరు.

ఆ ఏడాది నాకు తెలిసింది ఇదీ. మంచి పనిని తప్పుడు కారణంతో చేయించుకుంటే అది ఆ కారణం ఉన్నంతకాలమే ఉంటుంది, అలాంటి కారణాలు ఒక ఫోను పక్కకు జరిపితే మారిపోతాయి. జూలైలో నాంచారయ్య అన్న మాటకు జవాబు కూడా ఇదే. ఇవాళ్టి నీళ్ళు ఇవాళ తియ్యాల్సిందే, కానీ రేపు మళ్ళీ నీళ్ళు నిలవకుండా కాపాడేది మనం ఏ కారణంతో తీశామన్నదే. అతను ఇప్పటికీ ఒప్పుకోడు. తమ బావ వల్లే ఆ రాయి అక్కడుందంటాడు.

ఇక మీ వంతు. రేపు పొద్దున కూరగాయలకు వెళ్ళేటప్పుడు మీ ఊరి ఆఫీసు గోడ చుట్టూ ఒకసారి నడవండి. కొత్త సిమెంటు అతుకు ఎక్కడుందో చూడండి. దాని వెనక ఏం మూసుకుపోయిందో, ముసలివాళ్ళ దారా, మీ వీధి నీళ్ళా, తెలుసుకోండి. ఒక తెల్లకాగితం మీద రెండే ప్రశ్నలు రాసి లోపల ఇవ్వండి: ఎందుకు మార్చారు? దానివల్ల దారి ఎవరికి మూసుకుపోయింది? రసీదు తీసుకోండి. జవాబులో దిక్కు పేరు ఉంటే తిప్పి ఇచ్చెయ్యండి. మట్టం రాసి ఇచ్చేదాకా అక్కడి నుంచి లేవకండి.